బరువు దించాక తీసిన ఫొటో

మా ఊరికి తారురోడ్డు లేదు. పాడేరు వైపు నుంచి వచ్చే రోడ్డు గెడ్డ అవతలే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఊరిదాకా కొండదారి. ఆ దారిలో మనుషులం నడుస్తాం, గుర్రాలు బరువులు మోస్తాయి. మిరియాలు, పసుపు, కాఫీ గింజలు, రాజ్‌మా, చింతపండు, ఏది పండినా ఏది ఏరినా సంతకు చేరేది గుర్రం వీపు మీదే. తిరుగుదారిలో ఉప్పు, నూనె, డిపో బియ్యం, ఎవరైనా ఇల్లు కడుతుంటే సిమెంటు బస్తా కూడా ఆ వీపు మీదే వస్తాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇలాంటి ఊరు మాది ఒక్కటే కాదు. ఇది చదువుతున్న మీలో కూడా కొందరికి గుర్రం మెడలో గంట వినబడితేనే సంత రోజని గుర్తొచ్చి ఉంటుంది.

చలికాలం వస్తే మంచు చూడ్డానికి మైదానం నుంచి జనం వస్తారు. గెడ్డ దగ్గర కార్లు ఆపి, బస్తాలతో దిగుతున్న మా గుర్రాలను ఫోన్లలో తీసుకుంటారు. కొన్నాళ్లకు ఆ ఫొటోలు తిరిగి తిరిగి మా ఫోన్లలోకే వస్తాయి. ఒకరు కింద ‘అందమైన మన్యం’ అని రాస్తారు. ఇంకొకరు ‘గిరిజనుల కష్టాలు’ అని రాస్తారు. రెండూ అబద్ధం కాదు. కానీ ఆ ఫొటోల్లో మా గుర్రం ఎప్పుడూ బరువుతోనే ఉంటుంది. పక్కన నడిచే మనిషి పేరు ఉండదు, గుర్రం పేరు అసలే ఉండదు. అది మా మామ గుర్రం. దాని పేరు చుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న ఎర్రటి ఆడగుర్రం.

ఆ ఏడాది హైస్కూలు మాస్టారు పిల్లల వార్షికోత్సవానికి మన ఊళ్ల బతుకు మీద ఫొటోలు పెడదామన్నారు. “బయటివాళ్లు తీసినవి చాలా చూశాం. మీరు తీసి తెండి” అని మా ముగ్గురికి చెప్పారు. మేము అదే బడిలో చదివి, డిగ్రీ అయ్యి, ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటున్నవాళ్లం. ఏం తీద్దాం అని ఎక్కువ ఆలోచించలేదు. గుర్రాలను తీద్దామనుకున్నాం.

మా దగ్గర రెండు ఫోన్లు ఉన్నాయి. సంత వీధిలో స్టూడియో నడిపే అన్న తన పాత కెమెరా ఒకటి ఇచ్చాడు. మొదటి సంత రోజు తెల్లవారుజామునే దారి మలుపులో కాపు కాశాం. గుర్రాలు వచ్చాయి, వెళ్లాయి. మేము యాభై ఫొటోలు తీశాం. ఇంటికొచ్చి చూస్తే ఒక్కదాంట్లోనూ గుర్రం లేదు. గుర్రం ఆకారంలో ఎర్రటి మరక ఉంది. కాళ్లు పొగలా ఉన్నాయి. కొన్నింట్లో తోక మాత్రమే మిగిలింది.

స్టూడియో అన్న చూసి నవ్వాడు. “మంచులో తీశారు, వెలుతురు లేదు. వెలుతురు చాలక కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ కాస్త సేపట్లో గుర్రం కదిలిపోతుంది. పరుగెత్తే గుర్రం కాళ్లు స్పష్టంగా రావాలంటే సెకనులో వెయ్యో వంతు మాత్రమే కన్ను తెరవాలి. దానికి ఎండ కావాలి” అన్నాడు. ఆ తర్వాత ఒక పాత కథ చెప్పాడు.

గుర్రం దౌడు తీసేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయా లేదా అన్నది మనిషి కంటికి అందదు. పూర్వం యూరప్ చిత్రకారులు దౌడు తీసే గుర్రాన్ని ముందుకాళ్లు ముందుకు, వెనకకాళ్లు వెనక్కు చాచి గాల్లో ఎగురుతున్నట్టు గీసేవారు. 1878 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, పాలో ఆల్టో అనే చోట ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు పరుగుబాట పక్కన కెమెరాలు వరసగా పెట్టాడు. గుర్రం ఒక్కో కెమెరా ముందుకు రాగానే ఆ కెమెరా కన్ను తెరుచుకుని మూసుకునేలా ఏర్పాటు చేశాడు. అలా వచ్చిన బొమ్మలు చూస్తే నాలుగు కాళ్లూ నేల విడిచే క్షణం నిజంగానే ఉంది. కానీ అది కాళ్లు చాచినప్పుడు కాదు, నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. అన్నేళ్లు బొమ్మలు గీసినవాళ్లంతా ఆ ఒక్క విషయంలో పొరబడ్డారు.

అన్న ఆ బొమ్మల కార్డును ఫోన్‌లో చూపించాడు. అందులో పన్నెండు బొమ్మలున్నాయి. పదకొండింట్లో గుర్రం పరుగెడుతోంది. ఆఖరుదాంట్లో కదలకుండా నిలబడి ఉంది. కార్డు మీద గుర్రం పేరు శాలీ గార్డ్‌నర్ అని, యజమాని పేరు లీలాండ్ స్టాన్‌ఫర్డ్ అని అచ్చేసి ఉంది. “చూశారా, దాని పేరు కూడా రాశారు” అని మాలో ఒకడు అన్నాడు. ఆ మాట మాకు అలాగే ఉండిపోయింది.

అప్పటి నుంచి ఉదయం మంచులో తీయడం మానేశాం. మధ్యాహ్నం సంత ముగిసి, సరుకు అమ్ముడై, గుర్రాలు ఖాళీ వీపుతో ఊరికి తిరిగొచ్చే వేళ గెడ్డ దగ్గర కూర్చునేవాళ్లం. ఎండ పడమటి నుంచి వాటి పక్కలకు తగిలేది. గెడ్డ దాటగానే కొంచెం చదును ఉంది. ఇల్లు దగ్గర పడిందని గుర్రానికి తెలుసు. బరువు లేదు. అక్కడ చుక్క తనంతట తానే పరుగు అందుకునేది.

అలా చూస్తూ చూస్తూ మాకు నడకలు తెలిశాయి. మామూలు నడకలో నాలుగు గిట్టలూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి. టక్, టక్, టక్, టక్. చిన్న పరుగులో ఎదురెదురు మూలల కాళ్లు, అంటే కుడి ముందుకాలు ఎడమ వెనకకాలు, జంటగా పడతాయి. అప్పుడు రెండే చప్పుళ్లు. దౌడులో మళ్లీ నాలుగు చప్పుళ్లు త్వరత్వరగా వినబడి, ఆ వెంట ఒక చిన్న నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలోనే గుర్రం గాల్లో ఉంటుంది. కళ్లు మూసుకుని ఆ చప్పుళ్లు లెక్కపెట్టడం ముందు నేర్చుకున్నాం. ఆ తర్వాతే ఎప్పుడు నొక్కాలో వేలికి తెలిసింది.

ఇంకొక పద్ధతి కూడా నేర్చుకున్నాం. కెమెరా కన్నును కొంచెం ఎక్కువసేపు, సెకనులో ముప్పయ్యో వంతు దాకా తెరిచి, గుర్రంతో పాటు కెమెరాను కూడా అదే వేగంతో పక్కకు తిప్పాలి. గుర్రం తల స్పష్టంగా ఉంటుంది, వెనకున్న చెట్లు గీతలుగా సాగిపోతాయి. పది తీస్తే ఒకటి కుదిరేది. మూడు సంతలు గడిచాక చుక్క నాలుగు కాళ్లూ పొట్ట కిందికి ముడుచుకుని గాల్లో ఉన్న ఫొటో దొరికింది. జూలు లేచి ఉంది, చెవులు ముందుకు ఉన్నాయి. మేము కేక పెడితే చుక్క బెదిరి పక్కకు దూకింది. మామ తిట్టాడు.

ఆ ఫొటో మాస్టారికి చూపించాం. ఆయన చాలాసేపు చూసి, “బాగుంది. మరి పని లేనప్పుడు ఎలా ఉంటుంది?” అని అడిగారు. మాకు ఆ కార్డులోని పన్నెండో బొమ్మ గుర్తొచ్చింది. ఆ పనిలో పడ్డాం.

మామకు నవ్వొచ్చింది. “ఒరే అల్లుళ్లూ, పరిగెత్తినప్పుడు తీసినారు, బాగుంది. ఊరికే నిలబడిపోయిన గుర్రాన్ని ఏటి తీత్తార్రా?” అన్నాడు.

తీరా మొదలుపెడితే అదే కష్టమైంది. పరుగెత్తే గుర్రం మనల్ని పట్టించుకోదు. ఊరికే ఉన్న గుర్రం మన మీదే కన్నేసి ఉంచుతుంది. కెమెరా ఎత్తగానే తల ఎత్తేది, చెవులు మా వైపు తిప్పేది. ఇక అది విశ్రాంతి కాదు, కాపలా. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి ముక్కు ఎదురుగా దగ్గరలో, తోక వెనక సరిగ్గా కనబడదు. ఆ రెండు వైపుల నుంచి పోకూడదని, భుజం పక్కగా, మాట్లాడుతూ నెమ్మదిగా పోవాలని అత్త నేర్పింది. ఫోన్‌తో దగ్గరికి పోయి తీస్తే తల గంపంత, ఒళ్లు మేకంత వచ్చేది. పది అడుగులు వెనక్కు వచ్చి, గుర్రం భుజమెత్తుకు వంగి తీస్తే చుక్క చుక్కలాగే వచ్చింది.

రోజూ సాయంత్రం ఉలవలు నానబెట్టిన డొక్కు పట్టుకుని పోయేవాళ్లం. కొన్ని రోజులు కెమెరా తీసుకుపోలేదు. ఊరికే రాటకు ఆనుకుని కూర్చున్నాం. అప్పుడు కనబడింది మాకు, చిన్నప్పటి నుంచీ ఎదురుగా ఉన్నా మేము చూడనిది. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. ఒక వెనకకాలి గిట్ట మొన మాత్రం నేలకు ఆనించి, ఆ కాలును సడలిస్తుంది. కింది పెదవి వేలాడుతుంది. చెవులు పక్కలకు వాలిపోతాయి. కాసేపటికి రెండో కాలికి మారుతుంది. గాఢమైన నిద్ర మాత్రం పడుకుంటేనే పడుతుంది. పడుకున్న గుర్రం ఆపద వస్తే వెంటనే లేవలేదు. అందుకే భయం లేదని నమ్మకం కుదిరిన చోటే పడుకుంటుంది. చుక్క మా ముందు ఒక్కసారి కూడా పడుకోలేదు. ఎందుకో మాకు అప్పటికి తెలియదు.

ఒక సాయంత్రం మామ బస్తాలు దించి, గోనెమెత్త తీసి పక్కన పడేశాడు. చుక్క కాలు సడలించి కళ్లు మూసింది. వెలుతురు పక్క నుంచి మెత్తగా పడుతోంది. మేము ఆరు ఫొటోలు తీశాం. చాలా మంచి ఫొటోలని తెలుసు మాకు.

రాత్రి ఫోన్‌లో పెద్దది చేసి చూశాం. మెడ, వీపు కలిసే చోట అరచేయంత పచ్చిపుండు ఉంది. దాని చుట్టూ తెల్ల వెంట్రుకలు. అక్కడ ఇంతకు ముందు కూడా పుండు పడి మానిందని, మానిన చోట వెంట్రుక తెల్లగా వస్తుందని తర్వాత తెలిసింది. మేము వాటిని పుట్టుమచ్చలు అనుకునేవాళ్లం. ముందు తీసిన ఫొటోలన్నీ మళ్లీ తిరగేశాం. బరువుతో ఉన్నవాటిలో బస్తా ఆ పుండును కప్పేసింది. దౌడు ఫొటోలో జూలు లేచి అడ్డం వచ్చింది. బయటివాళ్లు తీసిన ఏ ఫొటోలోనూ అది లేదు. రోజూ ఆ వీపు మీద బస్తాలెత్తిన మా కళ్లకూ అది కనబడలేదు.

మేము మామకు చూపించాలా వద్దా అని రెండు రోజులు నానుస్తూ కూర్చున్నాం. మాస్టారికి ఇచ్చేద్దామని ఒకడు, చెరిపేద్దామని ఒకడు. చివరికి మామ గుర్రం కాబట్టి ముందు ఆయనకే చూపించాలనుకున్నాం.

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాడు. ముఖం మారిపోయింది. “నాకు తెలవదనుకున్నారేటిరా? రోజూ పసుపు రాత్తన్నాను. ఇది బడిలో గోడకెట్టి ఊరందరికీ సూపిత్తారా? రేపు ఎవుడో వచ్చి గుర్రాన్ని తోలుకుపోతే మీ మిరియాలు ఎవుడు మోత్తాడు?” అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. ఆయన అన్నది నిజం. ఆ ముందు సంతకు చుక్క మోసిన రెండు బస్తాల్లో ఒకటి మాది. షావుకారి దగ్గర ధర పడిపోక ముందే అమ్మాలని, రెండు విడతలుగా వేయాల్సినది ఒక్క విడతలో వేయమని బతిమాలింది మేమే. పుండు మామ గుర్రం మీద ఉంది, బరువు మా ఇంటిది. అందమైన మన్యం అని రాసినవాళ్లను తప్పుపట్టడం తేలిక. ఆ బస్తా గురించి మమ్మల్ని మేము ఏమనుకోవాలో తెలియలేదు.

“ఎవరికీ చూపించం మామా. నువ్వు ఊఁ అంటేనే” అని చెప్పి వచ్చేశాం.

మూడో రోజున మామే పిలిచాడు. పశువుల డాక్టరు దగ్గరికి పోదాం, మీరూ రండి అన్నాడు. డాక్టరు గారు తిట్టలేదు. పుండు కడిగి మందు ఇచ్చారు. పుండు తడిగా ఉన్నంతకాలం దాని మీద ఏదీ ఆనకూడదన్నారు. ఆ తర్వాత ఒక సంగతి చెప్పారు. పొట్టిజాతి గుర్రం వీపు మీద 70 కిలోలకు మించి వేయకూడదని 1965 నుంచే మన దేశంలో నిబంధన ఉంది. మన కొండ గుర్రాలు పొట్టివే. మేము వేసే బస్తాలు ఒక్కోటి యాభై. రెండు వేస్తే వంద. లెక్క మేమే కట్టుకున్నాం, ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఊరికి తిరిగొచ్చే దారిలో మామ ఎక్కువ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక పాత గోనెమెత్త విప్పేశాడు. లోపలి గడ్డి ఒకవైపు ముద్ద కట్టి రాయిలా అయిపోయింది. అదే పుండు పడిన వైపు. అత్త పాత దుప్పటి మడత పెట్టి, కొత్త గడ్డి దట్టించి, రెండు మెత్తలుగా కుట్టింది. వెన్నెముకకు అటొకటి ఇటొకటి, మధ్యలో ఖాళీ. పుండు మానేదాకా బరువు వేయకూడదని మామ తీర్మానించాడు. ఆ మూడు వారాలు మా సరుకు మేమే కావిళ్లతో మోశాం. మిగతావాళ్లు ఇంకో రెండు గుర్రాల మీద తక్కువ తక్కువ వేసుకుని రెండు విడతలుగా పోయారు. డబ్బు ఆలస్యంగా వచ్చింది. ఒకరిద్దరు సణిగారు. మా భుజాలు కాయలు కాశాయి. గెడ్డ దాటి ఎక్కే ఎత్తు ఎంత ఎత్తో ఆ మూడు వారాల్లో మాకు మొదటిసారి సరిగ్గా తెలిసింది.

మూడో వారం చివర ఒక మధ్యాహ్నం పనస చెట్టు కింద చుక్క పడుకుని ఉంది. ముందుకాళ్లు ముడుచుకుని, మూతి నేలకు ఆనించి, కళ్లు పూర్తిగా మూసుకుని. మేము పది అడుగుల దూరంలో ఉన్నాం. లేవలేదు. ఒక్కటే ఫొటో తీసి వచ్చేశాం. రెండోది తీయాలనిపించలేదు.

వార్షికోత్సవానికి మూడు ఫొటోలు పెట్టాం. దౌడులో గాల్లో ఉన్నది ఒకటి, చెట్టు కింద పడుకున్నది ఒకటి. పుండు ఉన్నది పెట్టకూడదనే అనుకున్నాం. మామే పెట్టమన్నాడు. ఒక షరతు పెట్టాడు. అది విడిగా ఉండకూడదు, పడుకున్న ఫొటో పక్కనే ఉండాలి. కింద ఏం రాయాలో కూడా ఆయనే చెప్పాడు. గుర్రం పేరు చుక్క. ఫలానా వారి గుర్రం. పుండు పడింది మా అందరి బరువు వల్ల. మూడు వారాలు బరువు వేయలేదు. మానింది. మాస్టారు అచ్చుతప్పు లేకుండా అదే రాయించారు.

పిల్లలు దౌడు ఫొటో దగ్గర గుమిగూడారు. పెద్దవాళ్లు మాత్రం ఆ రెండో జత దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. పక్క ఊరి పెద్దాయన ఒకరు చూసి ఏమీ అనలేదు. మామను పక్కకు పిలిచి మెత్త ఎలా కుట్టారో అడిగాడు. తర్వాతి సంతకు ఆయన గుర్రం మీద కూడా రెండు మెత్తలు కనబడ్డాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, మీ చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. మీ ఊళ్లోనూ గుర్రమో, ఎద్దో, డోలీ మోసే మనిషో ఉంటారు. పరుగులో ఉన్నప్పుడు తీయండి, అది అందం, అది నిజం కూడా. కానీ బరువు దించాక కూడా ఒకసారి ఆగి తీయండి. తీసినదాన్ని ముందు వాళ్లకే చూపించండి. వాళ్లు వద్దంటే ఆపండి. ఊఁ అంటే పేరు రాయండి. పాఠం చెప్పే మాస్టార్లకు ఒక మాట. పిల్లలకు ఫొటో తీయడం నేర్పేటప్పుడు కెమెరా ఇచ్చే ముందు కొన్ని రోజులు ఊరికే కూర్చోబెట్టి చూడమని చెప్పండి. మాకు ఆ రోజులే ఎక్కువ పనికొచ్చాయి.

గెడ్డ మీద వంతెన ఇంకా రాలేదు. చుక్క ఇప్పటికీ సంతకు పోతోంది. ఎక్కేది ఒక్క బస్తానే, యాభై కిలోలు. దాన్ని రెండు సంచుల్లో సగం సగం పోసి, అటొకటి ఇటొకటి కడతాం. కట్టే ముందు మెత్త ఎత్తి మామ ఒకసారి చేత్తో తడిమి చూస్తాడు. మేము కూడా చూస్తాం.